దుబాయి మొగడు

చీర కట్టుడు అయినంక రుక్మాబాయి రెండడుగులు వెనుకకు జరిగి, నడుము మీద చెయ్యి పెట్టుకొని, గోదావరిని కింది నుంచి మీది దాక చూసింది. దగ్గరికి వచ్చి కుచ్చిళ్ళు ఒకసారి గుంజి సరిచేసింది. మల్ల వెనుకకు జరిగింది.

"అంత మంచిగనే ఉన్నది గని, నువ్వు ఏం ఆడదానివే?"

"ఏం ఆడదాన్నంటే?"

"పెండ్లైనదానివా? కానిదానివా? మొగడు సచ్చినదానివా? ఇడిసిపెట్టినదానివా? ఏదో ఒకటి కావాలె గద బిడ్డా. ఉత్త ఆడది అనేది ఏడ ఉంటది? నేనైతే ఇంతవరకు సూడలే."

గోదావరి మంచం మీద కూలబడింది. చీర రంగు గురించి అనుకున్నది, జాకెట్టు చేతులు మోచేతి దాక ఉండాల్నా మీదికి ఉండాల్నా అనుకున్నది, బొట్టు ఎంత పెద్దగ పెట్టాల్నో అద్దం ముందట నిలబడి ఎన్నిసార్లు అనుకున్నదో. ఈ ముచ్చట మాత్రం ఒక్క దినం కూడ యాదికి రాలేదు.

ఎడపల్లిల ఆమెను ఆత్మారాం అంటరు. పుట్టినప్పుడు మొగపిల్లగాడని చెప్పిండ్రు, మొగపిల్లగాని పేరే పెట్టిండ్రు. గోదావరి అనేది తనకు తాను పెట్టుకున్న పేరు. అన్న ఎర్రన్న చెరుకు తోటకు నీళ్ళు పెట్ట పోతే, ఆమె వదినె పక్కన చాట ముందటేసుకొని బీడీలు చేసేది. ఆడోళ్ళ పని మొగోడు చేసుడేందని వాడకట్టోళ్ళు మొదట నవ్విండ్రు. చేతి వాటం చూసినంక నవ్వుడు తక్కువైంది కని, బందు కాలేదు.

గోదావరి అనే పేరు తెలిసింది ఒక్క రుక్మాబాయికే. రుక్మాబాయి తల్లికి చెల్లె, చిన్నమ్మ. మొగడు పోయినంక బోధన్ల ఒక్కతే ఉంటది. తల్లి సచ్చిపోయిన యేడు, "ఎందుకు బిడ్డా గట్ల లోపల్లోపల మెసులుతవు, ఏమున్నదో చెప్పరాదు" అని అడిగితే ఆ పేరు చెప్పింది. రుక్మాబాయి "మంచిగున్నది పేరు. మా అత్తది గూడ గదే పేరుండె. అది మాత్రం ఉత్త గయ్యాళిది" అన్నది. అంతే. అప్పటి నుంచి బోధన్ వచ్చినప్పుడల్లా చిన్నమ్మ ఇంట్ల, తలుపు దగ్గరికి వేసుకొని, గోదావరి చీర కట్టుకొని పొద్దంత బీడీలు చేసి, పొద్దుగూకంగ మల్ల ప్యాంటు వేసుకొని ఎడపల్లి బస్సెక్కేది.

ఇప్పుడు ఆ తలుపు తీసే పని పడ్డది. ఎర్రన్న తమ్మునికి సంబంధం చూసిండు. ఏర్గట్ల దిక్కు, పసుపు పండించేటోళ్ళు. వచ్చే బేస్తవారం పిల్లను చూడ పోవాలె. ఏ పాపం ఎరుగని ఒక ఆడపిల్లను తెచ్చి తన పక్కన కూచోబెట్టి, ఆమె బతుకు ఆగం చేసుడు గోదావరితోని అయ్యే పని కాదు. నిజామాబాద్‌ల ఒక అర్ర కిరాయికి దొరికితే, బేస్తవారానికి ముందే ఇల్లు ఇడిసి, బీడీలు చేసుకుంట గోదావరి లెక్కనే బతకొచ్చు. ఖిల్లా దిక్కు గల్లీల విమలమ్మ అనే ఆమె ఇంట్ల ముంగటి అర్ర ఖాళీ ఉన్నదని రుక్మాబాయికి ఎవరో చెప్పిండ్రు. కని ఆడమనిషికే ఇస్తదట. అందుకే ఇవాళ ఈ కుచ్చిళ్ళు, ఈ పంచాయితి.

"పెండ్లి కానిదాన్నని చెప్తె?" అన్నది గోదావరి.

"ముప్పయ్యేండ్లకు దగ్గరికొచ్చి ఎందుకు కాలేదని పది మంది అడుగుతరు. మొగడు సచ్చిండంటె బొట్టు తీసెయ్యాలె, గాజులు తీసెయ్యాలె."

"గాజులు తీసేసేటట్టైతే నేను రానే రాను."

"ఇడిసిపెట్టిండంటె, ఏం తప్పు చేసినవని ఇడిసిండంటరు." రుక్మాబాయి నెత్తి గోక్కున్నది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగింది. "దుబాయి! నీ మొగడు దుబాయి పోయిండు. మన జిల్లాల మొగడు ఇంట్ల లేడంటె ఇంకేడికి పోతడు? గా ఒక్క మాట చెప్తె ఇగ ఎవ్వరు ఏమడుగరు."

పెట్టె తీసి తన పాత మట్టెలు, నల్లపూసల దండ తెచ్చింది. మట్టెలు చిన్నగైనయి. నూనె రాసి, వేలు గుంజి, ఎట్లనో ఎక్కించింది. "నువ్వు తక్కువ మాట్లాడు, నేను మాట్లాడుత" అని చెప్పి తలుపు తీసింది.

చక్కెర ఫ్యాక్టరీల గానుగ సీజన్ జోరు మీద ఉన్నది. బోధన్ అంత తీపి మడ్డి వాసన. చెరుకు బండ్లు సడక్ పొడుగూత నిలబడి ఉన్నయి. గోదావరికి భయం ఉండాల్సినంత ఉన్నది, కని దాని మీదికెళ్ళి ఇంకోటి ఎక్కి కూచున్నది. అన్నీ చూడాలనే ఆత్రం. ఇదే సడక్ మీద ఇన్నేండ్లు నడిచింది. ఇవాళ అదే సడక్ ఇంకో తీరుగ ఉన్నది. మొగోళ్ళు ఒక చూపు చూసి వదిలేస్తున్నరు, కొందరు వదుల్త లేరు. ఆడోళ్ళు మాత్రం చీర అంచు కాడ మొదలుపెట్టి, జాకెట్టు, మెడ, ముక్కు, చెవులు అన్నీ చూసుకుంట వచ్చి, ఆఖరికి ముఖం కాడికి చేరుతున్నరు. ఇంత చూపు తన మీద ఎప్పుడు పడలేదు.

"ఏందే గా నడుసుడు, పొలం కొలుస్తున్నట్టు?" అన్నది రుక్మాబాయి మెల్లగ. "చిన్నగ ఎయ్యి అడుగులు. నెత్తెత్తి అటిటు సూడకు, జాతరకు వచ్చినట్టు."

"జాతర లెక్కనే ఉన్నది సిన్నమ్మా."

"పండ్లు బయట పెట్టకు."

నిజామాబాద్ బస్సు నిలబడి ఉన్నది. ఎక్కంగనే గోదావరి కాళ్ళు వాటంతట అవే వెనుక సీట్ల దిక్కు పోయినయి. రుక్మాబాయి కొంగు పట్టి గుంజి, ముందట ఆడోళ్ళ సీట్ల కూచోబెట్టింది. కిటికీ పక్కన అప్పటికే ఒకామె కూచోని ఉన్నది. కాళ్ళ కాడ సంచి, ఒళ్ళె ఇంకో సంచి. గోదావరి నడుమ కూచున్నది. బస్సు కదిలిందో లేదో ఆమె ఇటు తిరిగింది.

"ఏ ఊరు చెల్లె?"

ఆ ప్రశ్నకు భయపడే పని లేదు. ఎన్నో వందల సార్లు జవాబు చెప్పిన ప్రశ్నే. "ఎడపల్లి."

"తల్లిగారా, అత్తగారా?"

మొగోనికి ఒకటే ఊరు. ఏ ఊరంటే చెప్తడు, అయిపోతది. ఆడమనిషికి రెండుంటయి. చిన్ననాటి నుంచి ఆడోళ్ళ నడుమనే కూచున్నది, ఈ మాట వాళ్ళు ఒకరినొకరు అడుగుకుంటుంటే చెవులారా విన్నది. తనను కూడ అడుగుతరనే సోయి మాత్రం లేకపాయె.

"తల్లిగారు," అన్నది.

"మరి అత్తగారిది?"

గోదావరి రుక్మాబాయి దిక్కు చూసింది. రుక్మాబాయి కండక్టర్‌తోని చిల్లర కొట్లాటల ఉన్నది. ఏదో ఒక ఊరు చెప్పాలె. "భీమ్‌గల్," అన్నది.

ఆమె సంచి కింద పెట్టి రెండు చేతులు చరిసింది. "అయ్యో, మాది భీమ్‌గలే! నా పేరు సుమిత్రమ్మ. గుట్టకు పోయే తొవ్వల మా ఇల్లు. బోధన్ల బిడ్డ కాన్పైతే వచ్చి పోతున్న. ఎవరింట్ల కోడలువు నువ్వు? నేను సూడకపోతినేంది?"

రుక్మాబాయి అప్పుడే ఇటు తిరిగింది. ఒక్క క్షణంల సంగతి పట్టింది. "ఉన్నది ఎన్ని దినాలమ్మా? పెండ్లైన నెలకే పిలగాడు దుబాయి పాయె. ఇది మల్ల తల్లిగారింటికొచ్చె. ఆ ఊరు దీనికే సక్కగ ఎరుక లేదు."

ఇగ ఎవ్వరు ఏమడుగరని పొద్దున రుక్మాబాయి చెప్పిన మాట అది.

"దుబాయా? మా మరిది గూడ దుబాయే! దుబాయిల ఏడ?" అన్నది సుమిత్రమ్మ.

ముందటి సీటు ఆమె వెనుకకు తిరిగింది. "ఎవరు దుబాయి? మావోడు షార్జ."

వెనుక నుంచి ఇంకొకామె మెడ చాపింది. "మా అల్లుడు మస్కట్. మీ ఆయనది ఏం పని చెల్లె? కంపెనీ వీసానా, ఏడన్న పని చేసుకునే ఆజాద్ వీసానా?"

బస్సు ఊరు దాటకముందే ముందటి సగం ఇటు తిరిగి కూచున్నది. గోదావరికి లేని మొగడు అప్పటికప్పుడు మేస్త్రి అయిండు, క్యాంపుల ఉంటున్నడు, అన్నం తానే వండుకుంటున్నడు, ఎండకు ముక్కు మీద తోలు లేసిపోయింది. అన్నీ రుక్మాబాయే చెప్పింది. గోదావరికి ఆ మనిషి మీద జాలి పుట్టింది.

"మీ ఆయన పేరేంది? మా మరిదికి చెప్త, కలుస్తడు," అన్నది సుమిత్రమ్మ.

పేరు అనుకోలేదు. గోదావరి బిత్తరపోయి నెత్తి వంచి గాజుల దిక్కు చూసుకున్నది. రుక్మాబాయి కూడ తడబడ్డది. సీట్లల్ల ఆడోళ్ళంత ఒక్కసారే నవ్విండ్రు.

"పేరు చెప్తదా ఏంది, ఎట్ల అడుగుతవమ్మా నువ్వు! ముఖం సూడు ఎర్రగైంది."

"మంచి పిల్ల. ఇప్పటోళ్ళు మొగన్ని పేరు పెట్టి కేకేస్తున్నరు."

సుమిత్రమ్మ మెచ్చుకొని గోదావరి మోకాలు మీద ఒక్కటి చరిసింది. మొగని పేరు నోటితోని చెప్పొద్దనే పద్ధతి, మొగడే లేనిదానికి ఇంత అక్కరకు వస్తదని ఎవరనుకున్నరు?

ఎడపల్లి వచ్చింది. గోదావరి కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. ఎక్కినోళ్ళల్ల ఆశన్న ఉన్నడు. అన్నకు దోస్తు, చెరుకు కోతల మేస్త్రి. పొద్దు పొద్దున ఇంటి ముందటికెళ్ళి పోతూ, "ఏమే ఆత్మారాం, ఇయ్యాల ఎన్ని కట్టలు చుట్టినవే" అని గల్లీ అంత వినబడేటట్టు అరిసే మనిషి. సీటు దొరకలేదు. ముందటికే వచ్చి, కడ్డీ పట్టుకొని, వాళ్ళ సీటు పక్కన్నే నిలబడ్డడు.

రుక్మాబాయి చెయ్యి గోదావరి చేతి మీద బిగిసింది. బస్సు ఊగింది. ఆశన్న కిందికి చూసిండు.

"అక్కా, గీ సంచి జర పట్టుకుంటవా? నిలబడుడు అయితలేదు."

గోదావరి రెండు చేతులు చాపింది. ఆశన్న సంచి ఆమె ఒళ్ళె పెట్టి, దస్తీతోని ముఖం తుడుచుకొని, కిటికీ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. సంచిల వంకాయలున్నయి, ఒక కొత్త చెప్పుల జత ఉన్నది. చిన్నయి, ఆడపిల్లవి. బిడ్డకు కొన్నట్టున్నడు, నిజామాబాద్‌ల మార్చుకోను తీసుకపోతున్నడేమో. ఆశన్నకు బిడ్డ మీద ఇంత ప్రేమ ఉన్నదని ఊర్ల ఇన్నేండ్లున్నా గోదావరికి ఎరుక లేదు. భయం మెల్లగ పలచబడ్డది. ఆ మనిషి అంగీ గుండీ ఒకటి ఊడి ఉన్నదని, మెడ కాడ కాలిన మచ్చ ఉన్నదని చూసింది. ఇదివరకు ఆయన ఎదురుపడితే నేల దిక్కే చూసేది.

ఇంకోటి కూడ కండ్ల పడ్డది. వెనుక మొగోళ్ళు బోధన్ల ఎక్కినోళ్ళు ఎక్కినట్టే, ఎవరి దిక్కు వాళ్ళు చూసుకుంట కూచున్నరు. ఇటు సుమిత్రమ్మ ఇంత సేపట్ల బిడ్డ కాన్పు, వియ్యంకురాలి పిసినారితనం, తన పంటినొప్పి, మరిది దుబాయిల కొన్న టేప్ రికార్డరు, అన్నీ చెప్పింది. ఆ మరిది పని చేసే జాగ పేరు కూడ చెప్పింది. "గుట్ట జాతరకు రా చెల్లె, ఇల్లు అడిగితే ఎవరైన చూపెడుతరు" అన్నది. ఇంత ముచ్చట ఒక తెలువని మనిషి తన చెవుల పోస్తదని గోదావరి అనుకోలేదు.

నిజామాబాద్ల దిగేటప్పుడు ఆశన్న సంచి తీసుకొని, "పుణ్యముంటది అక్కా" అని పోయిండు.

రుక్మాబాయి గోడకు ఒరిగి ఊపిరి వదిలింది. "నాకు పాణం పోయింది."

"నాకు నవ్వొస్తున్నది సిన్నమ్మా."

"నవ్వుతవు. అర్ర దొరికినంక నవ్వు."

విమలమ్మ గల్లీల ప్రతి ఇంటి గల్మ ముందట ఒక చాట, చాట వెనుక ఒక ఆడమనిషి. తునికాకు వాసన, తమాకు ఘాటు. గోదావరికి ఇంటికి వచ్చినట్టే అనిపించింది. విమలమ్మ యాభై దాటిన మనిషి, బక్కగ, పొడుగ్గ ఉన్నది. వాళ్ళు వచ్చిన పని చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాలే చూసింది గని, చేతులు వాటి పని అవి చేసుకుంటనే ఉన్నయి.

"ఒక్కదానివేనా ఉండేది?"

"ఒక్కతే," అన్నది గోదావరి.

"గొంతేంది గట్లున్నది?"

"జలుబు," అన్నది రుక్మాబాయి.

విమలమ్మ లేచి అర్ర చూపెట్టింది. చిన్నది. గోడకు కొత్తగ సున్నం. గల్లీ దిక్కు ఒక కిటికీ. గోదావరి పోయి ఆ కిటికీల నిలబడ్డది. అవతలి అరుగు మీద ఇద్దరు ఒకే దారం ఉండతోని బీడీలు కట్టుకుంట, ఏదో చెప్పుకొని పడి పడి నవ్వుతున్నరు. దేనికి నవ్వుతున్నరో తెలుసుకోవాలని పాణం కొట్టుకున్నది. ఇక్కడ ఉంటే రోజూ తెలుస్తది.

"మొగడేం చేస్తడు?" అని విమలమ్మ అడిగింది.

"దుబాయిల ఉంటడు," అన్నది రుక్మాబాయి.

విమలమ్మ ఇటు తిరిగింది. "కూచోండ్రి, చాయ్ పెడుత" అని లోపలికి పోయింది. చాయ్‌తోని పాటు ఒక ఫోటో తెచ్చింది. గళ్ళ అంగీ, మెడల దస్తీ, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. స్టూడియోల దిగింది.

"నా కొడుకు, లింగం. దుబాయే. దసర ముందట మాట్లాడిండు. ఇగ మల్ల ఫోను లేదు, ఏం లేదు. ఏజెంటును అడిగితే క్యాంపు మార్చిండ్రు, మంచిగనే ఉన్నడంటడు. రోజూ గదే మాట. గల్లీల దుబాయోళ్ళు ఎందరో ఉన్నరు. అందరిని అడిగిన. మేముండే కాడికి దూరమంటరు." ఫోటోను కొంగుతోని తుడిచి గోదావరి చేతుల పెట్టింది. "మీ ఆయనకు శుక్రారం సెలవుంటది గద చెల్లె. ఒక్క శుక్రారం పోయి సూసి రమ్మను. ఉన్నడంటె చాలు. నాకు పైసలు పంపకున్నా మంచిదే."

"పోతడు, ఎందుకు పోడు! తుకారాం అంటె పరోపకారి. ఇంకోనికి కష్టమంటె ఉరుకుతడు," అన్నది రుక్మాబాయి. ఈ సారి పేరు తయారుగ ఉన్నది.

"అయితె అర్ర నీదే చెల్లె. ఇయ్యాల్నే సామాను తెచ్చుకో. కిరాయి సంగతి మెల్లగ సూసుకుందాం." విమలమ్మ ముఖం ఎంత చిన్న వయసు ముఖం అయిందో గోదావరి చూసింది. "మీ ఆయన ఎప్పుడు ఫోన్ చేస్తడు?"

"ఐతారం ఐతారం చేస్తడు."

"ఎల్లుండే గద! సందు మలుపుల ఎస్.టి.డి. ఉన్నది, గా నంబరే ఇయ్యి. నేను గూడ వస్త. నువ్వు మాట్లాడినంక ఒక్క మాట నేను చెప్త, లింగం ఎట్లుంటడో గుర్తులు చెప్త."

అర్ర దొరికింది. కిటికీ దొరికింది. బేస్తవారం నాడు ఏర్గట్ల పోయే పని లేదు. ఒక్క ఐతారం ఏదో సాకు చెప్తే సరి, తర్వాత ఇంకో ఐతారం. ఇట్ల ఎన్ని ఐతారాలైన జరుపొచ్చని రుక్మాబాయి కండ్లు చెప్తున్నయి. గోదావరి ఫోటోల పిలగాన్ని చూసింది. ఎదురుంగ తల్లిని చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"విమలమ్మా, నాకు మొగడు లేడు."

రుక్మాబాయి తొడపాశం పెట్టింది. గోదావరి కదల్లేదు. "దుబాయిల లేడు, ఏడ లేడు. ఐతారం ఫోను రాదు."

"మరి తుకారాం ఎవరు?"

"ఎవ్వరు లేరు. బస్సుల పుట్టిండు."

విమలమ్మ ఇద్దరిని మార్చి మార్చి చూసింది. "ఎందుకు చెప్పిండ్రు మరి?"

"మొగడు లేని ఆడదానికి అర్ర ఎవరిస్తరని."

"నాకున్నడా మొగడు? ఈ ఇంట్ల నేను ఉంటలేనా?"

గోదావరికి చెప్పేది ఇంకోటి మిగిలి ఉన్నది, అది ఇప్పుడు చెప్పకపోతే మల్ల అబద్ధమే అయితది. "ఇంకోటి గూడ ఉన్నది. ఊర్ల నన్ను ఆత్మారాం అంటరు. మొగపిల్లగాడనే పెంచిండ్రు. నేను గోదావరిని. చిన్నప్పటి నుంచి గదే నేను. చీర కట్టుకొని గల్మ దాటుడు ఇయ్యాల్నే మొదలు."

గల్లీల ఎవరో చాట దులిపిన చప్పుడు వినబడ్డది. విమలమ్మ గోదావరి గొంతు దిక్కు, చేతుల దిక్కు, మల్ల ముఖం దిక్కు చూసింది.

"నేను నిజంగనే జలుబు అనుకున్న," అన్నది. తర్వాత రుక్మాబాయి దిక్కు తిరిగింది. ఆమె గొంతు మారింది. "నువ్వు పెద్దమనిషివి. దీని సంగతి దీనిది. నా కొడుకు మీద నాకు ఉత్త ఆశ ఎందుకు పెట్టిస్తివి?"

ఫోటో తీసుకొని లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు.

"లే, పోదాం," అన్నది రుక్మాబాయి చెవుల. "చేతుల పడ్డ అర్రను పారేస్తివి. మాట్లాడుడు నాకు ఇడిసిపెట్టమంటె ఇనకపోతివి."

"ఆమె వద్దంటదో ఏమంటదో ఇని పోదాం."

"ఏమంటదో తెలుస్తలేదా?"

"తెలుస్తలేదు," అన్నది గోదావరి. నిజంగనే తెలుస్తలేదు.

విమలమ్మ ముఖం కడుక్కొని వచ్చింది. చేతిల ఇత్తడి బిందె ఉన్నది. గల్లీల అప్పుడే, "నల్లా వచ్చింది" అని కేకలు.

గోదావరి లేచి నిలబడ్డది. "విమలమ్మా, బస్సుల ఒకామె కలిసింది. భీమ్‌గల్ సుమిత్రమ్మ. ఆమె మరిది దుబాయిల ఉన్నడు. పని చేసే జాగ గూడ చెప్పింది. నేను భీమ్‌గల్ పోయి ఆమెను అడుగుత."

"గా మరిది నిజంగ ఉన్నడా, గాడు గూడ బస్సులనే పుట్టిండా?"

"ఉన్నడు. టేప్ రికార్డరు గూడ కొన్నడు."

విమలమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు అనేటందుకు లేదు. బిందె గోదావరి చేతికిచ్చింది. "ముందు నల్లా కాడికి పో. గల్లీ ఆడోళ్ళంత ఆన్నే ఉంటరు. అడుగుతరు. నువ్వేం చెప్పుకుంటవో చెప్పుకో, నేను రాను. నల్లా కాడ నిలబడనియ్యకపోతె నేను అర్ర ఇచ్చి ఏం లాభం? నీళ్ళు లేకుంట ఎన్ని దినాలుంటవు?"

రుక్మాబాయి లేవబోయింది. "నువ్వు కూచో," అన్నది విమలమ్మ. "నీతోని నాకు పనున్నది."

గల్లీ చివర నల్లా. బిందెలు వరుసల ఉన్నయి, ఆడోళ్ళు వరుసల లేరు. ఒకామె చేతులు తిప్పుకుంట ఏదో చెప్తున్నది, మిగిలినోళ్ళు నోరు తెరిచి వింటున్నరు. గోదావరి దగ్గరికి రాంగనే ఆ ముచ్చట టక్కున ఆగింది. నల్లా పక్కన రాయి మీద కూచున్న ముసలామె కండ్లు చిన్నగ చేసి చూసింది. ఆమె పేరు హన్మవ్వ అని తర్వాత తెలిసింది. నల్లా సర్కారుదైనా పెత్తనం ఆమెది.

"ఎవరే నువ్వు?"

"గోదావరి. విమలమ్మ ముంగటి అర్ర అడగ వచ్చిన."

"మొగడో?"

"లేడు. పెండ్లి కాలే."

"గింత పెద్దదానివైనవు, ఎందుకు కాలే?"

పొద్దటి నుంచి రుక్మాబాయి భయపడ్డ ప్రశ్న ఇదే. విన్నంక చూస్తే, అంత పెద్దదేం కాదు. "నాకు వద్దనిపించింది అవ్వా. బీడీలు చేస్త. నా బువ్వ నాకు ఎల్తది."

హన్మవ్వ చూపు గోదావరి భుజాల కాడ ఆగింది, గొంతు కాడ ఆగింది, చాలాసేపు ఆగింది. ఒక పడుచుపిల్ల పక్కదాని చెవుల ఏదో అని కిసుక్కుమన్నది. హన్మవ్వ ఆ పిల్ల దిక్కు ఒక చూపు చూసింది. నవ్వు బందైంది.

"రాధాబాయి బిందె ఎనుక పెట్టు," అన్నది హన్మవ్వ. "నడుమ దూరితె ఊకోను. కొత్తదానివని సూడను."

గోదావరి బిందె పెట్టింది. వంతు వచ్చేదాక ఎవరు ఆమెతోని మాట్లాడలేదు, ఆగిన ముచ్చట కూడ మల్ల ఎత్తలేదు. బిందె నిండింది. గోదావరి వంగి, రెండు చేతులతోని లేపి, ఊర్ల బాయి కాడ అలవాటైనట్టే సర్రున భుజం మీదికి ఎత్తుకున్నది. నీళ్ళు చల్లగ వీపు మీద, జాకెట్టు మీద ఒలికినయి.

"అయ్యో, గదేం మోసుడే!" అని ఎవరో అరిసిండ్రు. ఈ సారి అందరు నవ్విండ్రు. నవ్వు గట్టిగనే ఉన్నది గని పదునుగ లేదు.

"చంకల పెట్టు పిల్లా," అన్నది హన్మవ్వ. "నడుము జర పక్కకు ఇయ్యి. ఇంకా. అగో గట్ల. చెయ్యి మెడ సుట్టు ఎయ్యి. నడుము లేదు నీకు, ఏం చేస్తం, ఉన్నదాని మీదనే ఆపుకో."

జారుతున్న బిందెను ఆపుకుంట, కుచ్చిళ్ళు తొక్కకుంట, గోదావరి ఇల్లు చేరేసరికి చీర సగం తడిసింది. గల్మల విమలమ్మ, రుక్మాబాయి చెరొక చాట ముందటేసుకొని కూచున్నరు. ఏం మాట్లాడుకున్నరో గని రుక్మాబాయి నెత్తి వంచుకొని ఆకు కత్తిరిస్తున్నది. విమలమ్మ లేచి బిందెల తొంగి చూసింది.

"సగమే తెచ్చినవు."

"ఒలికినయి."

"ఏమన్నరు?"

"రాధాబాయి బిందె ఎనుక పెట్టమన్నరు."

విమలమ్మ నీళ్ళు కాగుల పోసి, ఖాళీ బిందె మల్ల చేతికిచ్చింది. "ఐతారం సామాను తెచ్చుకో. మాపటి నీళ్ళు నీ వంతు. సోమారం భీమ్‌గల్ పోదాం, నేను గూడ వస్త. ఇగ పో, నల్లా బందైతది."

గోదావరి పోయేసరికి నల్లా కాడ ముచ్చట మల్ల మొదలైంది. ఈ సారి ఆగలేదు. రాధాబాయి చెప్పుకుంటనే ఒక పక్కకు జరిగి జాగ ఇచ్చింది. గోదావరి బిందె కింద పెట్టి, కొంగు పిండుకొని, ఇగ ఆగలేక అడిగేసింది.

"మొదలు నుంచి చెప్పరాదు అక్కా. నేను ఇనలే."